తండ్రి నెఱుగని కుమార్తె

తల్లిని దైవముగా భావింపుము, తండ్రిని దైవముగా భావింపుము, ఆచార్యుని, అతిథిని దైవములుగా భావింపుము అని తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లియందు గురువు, చదువు ముగించి ఇంటికి మఱలుచున్న శిష్యునకు బోధించెను. తెలుగుదేశమున కృష్ణయజుర్వేదాధ్యయనమే ప్రబలమగుటచే ఈ ఆదేశము మన యిండ్లలో తరతరములుగా వినబడుచున్నది. వినువారిలో చాలమందికి ఇందు చిక్కేమియు తోపదు. తండ్రి యింటనే యుండును. ఉదయమున లేచి ఆయన పాదములకు మ్రొక్కిన చాలును. కాని తండ్రి యెవ్వరో యెఱుగని కుమార్తె చెవిని ఈ మాట పడినచో ఆమె యేమి చేయవలెను? ఆమెకు విధింపబడిన నాలుగు గుడులలో ఒక గుడి మూర్తి లేక యున్నది.

పరమేశ్వరుడే అందఱికిని తండ్రి, వేఱొక తండ్రితో నీకు పనియేమి, అని ఆమెను సమాధానపఱచుట సులభము. ఆ మాట సత్యమే. అయినను దానిని తొందరపడి చెప్పువారు తఱచుగా తమ గోత్రమును, మూడు తరముల పేర్లను తడుముకొనకుండ చెప్పుకొనగలవారే. విందారగించి లేచినవాడు ఉపవాసమహిమను వర్ణించినట్లుండును ఆ బోధ. ఖాళీ కడుపున ధర్మము నిలువదని శ్రీరామకృష్ణులు చెప్పుచుండెడివారు. తన్ను కన్నవా రెవరో తెలియవలెనను ఆకలియు ఆకలియే. దానిని తీర్చకుండ దాటింపజూచుట వేదాంతము కాదు.

ఇట్టి యొక స్త్రీని మనస్సున నిలుపుకొందము. ఈమె దృష్టాంతమునకై కల్పింపబడినదే. అట్టివారు లోకమున పెక్కురుండుటచే ఈమెకు పేరు పెట్ట నక్కఱలేదు. విజయనగరము చెంత నొక గ్రామమున మేనమామ యింట పెరిగినది. తాను పుట్టకమునుపే తండ్రి గతించెనని పెద్దలు చెప్పగా నమ్మినది. వివాహవేళ మేనమామయే తన గోత్రము చెప్పి కన్యాదానము చేసెను. బిడ్డలు పుట్టిరి, మనుమలు పుట్టిరి. ఆమె అఱువదవ యేట తల్లి కన్నుమూసినది. పండ్రెండవనాటి కర్మలు ముగిసిన రాత్రి, మంచముపట్టియున్న మేనమామ ఆమెను పిలిచెను.

"అమ్మా, నీ తండ్రి చనిపోయెనని మేము చెప్పినది అబద్ధము. మీ అమ్మ పడుచుదనమున రాయపురమందు మా పెద్దక్క యింట కొన్నాళ్లుండెను. అభన్‌పూరు స్టేషనులో చిన్నరైలుపై పనిచేయు నొకనిని నమ్మినది. పెండ్లి కాలేదు. అతని పేరు చెప్పుమని మా నాన్న కొట్టినను చెప్పలేదు. నేను పోవుటకు ముందు ఈ మాట నీకు చెప్పనిచో నాకు గతి యుండదు."

పెద్దకొడుకు వలదనెను. ఈ వయస్సున ఈ వెదకుట యేల, నలుగురు విన్న ఏమందురు, అమ్మమ్మ దాచినదానిని నీవు వీధిలో పెట్టుదువా, అనెను. ఆమె మాఱుమాటాడలేదు. నాలుగు చీరలు సంచిలో పెట్టుకొని రాయపురము బండి యెక్కినది.

ఈ పయనము ధర్మమునకు సమ్మతమా? తల్లి దాచినదానిని కుమార్తె త్రవ్వవచ్చునా? దీనికి మహాభారతము ఆదిపర్వమున, శకుంతలోపాఖ్యానమందు సమాధానము కలదు. తెలుగువారు నన్నయభట్టారకుని మూలమున ఈ కథను చక్కగా నెఱుగుదురు. అయినను దుష్యంతుని నిరాకరణముపై నిలిచినంతగా మనస్సు శకుంతల జన్మకథపై నిలువదు. మేనక ఆ శిశువును మాలినీతీరమున విడిచి వెడలిపోయెను. శకుంతపక్షులు చుట్టును చేరి కాచినవి. కణ్వమహర్షి చూచి ఎత్తుకొని పోయి పెంచెను. ఇంతవఱకు అందఱికిని తెలిసినదే. గమనింపదగిన దేమనగా, కణ్వుడు ఈ కథను శకుంతలకు దాచలేదు. ఆశ్రమమునకు వచ్చిన యొక ఋషి ఆమె పుట్టుకను గూర్చి యడుగగా, ఆమె వినుచుండగనే విశ్వామిత్రుని పేరును, మేనక పేరును చెప్పెను. చెప్పినంతమాత్రమున తన తండ్రితనమునకు లోపము వచ్చునని ఆయన భయపడలేదు. ఎందుచేతననగా ధర్మనిర్ణయమున తండ్రులు ముగ్గురని ఆయన యెఱుగును: దేహమునిచ్చినవాడొకడు, ప్రాణమును కాపాడినవాడొకడు, ఎవని అన్నము తిని బిడ్డ పెరిగెనో వాడొకడు.

ఈ మూడింటిలో మొదటిది ఒక్క క్షణములో ముగియును. తక్కిన రెండును ఏండ్లతరబడి సాగవలసినవి. అయినను కణ్వుడు మొదటివానిని లెక్కనుండి తీసివేయలేదు. తీసివేసియుండినచో శకుంతల తన తెలియనితనమును జీవితాంతము మోసియుండెడిది. దుష్యంతుని సభలో ఆ రాజు ఆమె తల్లిదండ్రులిద్దఱిని నిందించి, నీ పుట్టుక యెట్టిదో తెలియదా యని హేళన చేసినపుడు ఆమె తల వంచుకొనలేదు. తన పుట్టుకను తానెఱిగియుండుటచేతనే నిలిచి మాఱు చెప్పగలిగెను. వేయి అశ్వమేధములకంటె ఒక సత్యము బరువైనదని రాజునకే బోధించెను. తెలిసిన సత్యము ఎంత చేదైనను మనుష్యునకు నిలుచుటకు చోటిచ్చును. విజయనగరపు మేనమామ కణ్వుడు చేసిన పనినే చేసెను, అఱువదేండ్లు ఆలస్యముగా.

రాయపురమున ఆమె ఒక సత్రములో దిగినది. ఆ పట్టణమునకు శ్రీరామకృష్ణభక్తుల హృదయములలో ప్రత్యేకస్థానము కలదు. 1877లో, పదునాలుగేండ్ల నరేంద్రుడు తల్లితోను తోబుట్టువులతోను నాగపురమునుండి ఎడ్లబండ్లపై అడవుల వెంట ప్రయాణము చేసి, ఉద్యోగరీత్యా అక్కడ నున్న తండ్రి విశ్వనాథదత్తుని చేరెను. దారిలో కొండచఱియయందలి గొప్ప తేనెతుట్టెను చూచి, అనంతమగు ఆ శక్తిని తలపోయుచు బాహ్యస్మృతి కోల్పోయెనని చరిత్రకారులు వ్రాసిరి. రాయపురమున తగిన పాఠశాల లేకపోవుటచే తండ్రియే ఆ బాలునకు గురువయ్యెను. 1879లో ఆ కుటుంబము కలకత్తాకు మఱలెను.

ఈ విశ్వనాథుడు తానే తండ్రి నెఱుగక పెరిగినవాడనుట చాలమంది మఱతురు. ఆయన తండ్రి దుర్గాప్రసాదుడు, కుమారుడు పసివాడై యుండగనే ఇల్లు విడిచి సన్న్యసించెను. కొంతకాలమునకు ఆ యిల్లాలు బిడ్డనెత్తుకొని పడవలో కాశీయాత్ర చేసినది. కాశిలో నొకనాడు గుడి యెదుట కాలుజాఱి పడగా, ఒక సన్న్యాసి పరుగున వచ్చి లేవనెత్తెను. ఇరువురును ఒకరినొకరు గుర్తించిరి. ఆయన మాయ యని పలికి, వెనుదిరిగి చూడక వెడలిపోయెను. మోక్షమునకై పోయినవానిని, బాధ్యతనుండి పాఱిపోయినవానిని ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు. కాని తల్లి చంకనున్న బిడ్డవైపునుండి చూచినచో వారిద్దఱు విడిచిపోయిన ఖాళీ ఒక్కటియే. ఆ ఖాళీలో పెరిగిన విశ్వనాథుడు ద్వేషము నేర్వలేదు. దాతయై, పదిమందికి అన్నము పెట్టువాడై, తన బిడ్డకు తానే చదువు చెప్పు తండ్రియై నిలిచెను. తండ్రి లేనివాడు మంచి తండ్రి కాలేడను లోకపు మాట అబద్ధమనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఆ విశ్వనాథుని గూర్చియే మఱొక చిన్న కథ కలదు. ఒకనాడు నరేంద్రుడు, మీరు నాకై ఏమి చేసిరని తండ్రిని సూటిగా నడిగెను. తండ్రి కోపింపక, పోయి అద్దములో చూచుకొమ్మనెను. తండ్రి యిచ్చిన ఆస్తి ఆ ముఖమే, ఆ దేహమే, ఆ తేజస్సే. ఈ కథ సత్రములోని ఆ స్త్రీకి తెలియదు. అయినను ఉదయమున గోడనున్న అద్దము ముందు నిలిచి ఆమె చేసినదియు అదియే. నుదుటి వెడల్పు, కలిసిన కనుబొమలు తల్లివి కావు, మేనమామవి కావు. అఱువదేండ్లుగా ప్రతిదినము బొట్టు పెట్టుకొనునప్పుడు చూచుచున్న ముఖమున ఒక అపరిచితుడు తోచెను.

రాయపురమునకు దక్షిణముగా, ధమ్‌తరి పోవు మార్గముపై, సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున అభన్‌పూరు కలదు. రాజిమునకు చీలు త్రోవ అచ్చటనే. తొల్లి రాయపురమునుండి ధమ్‌తరికి నడిచిన చిన్నరైలునకు కూడ రాజిము కొమ్మ అభన్‌పూరు జంక్షనునుండియే చీలియుండెను. వరిపొలముల నడుమ బొమ్మరైలువలె సాగిన ఆ బండి యిప్పుడు లేదు. ఆ పట్టాలను తొలగించి పెద్దపట్టాలు వేసిరి. 2025 మార్చి 30వ తేదీన అభన్‌పూరు రాయపురముల నడుమ క్రొత్తబండి ప్రారంభమయ్యెను. ఆమె ఆ బండిలోనే వచ్చి దిగినది. ఎవరినడుగవలెను? పేరు తెలియని మనుజుని గూర్చి, లేని రైలును గూర్చి, అఱువదేండ్లనాటి మాట. ఒక కిళ్లీకొట్టు ముదుసలి, ఆ కాలమున తెలుగువారు కొందఱు పనిచేసిన మాట నిజమే, వారందఱును ఎక్కడెక్కడికో బదిలీయై పోయిరి, కొందఱు పోయినారు తల్లీ, అనెను. అంతకుమించి ఎవరును చెప్పలేకపోయిరి. ఒక ప్లాట్‌ఫారము, రెండు వేపచెట్లు. ఈ చెట్లలో నొకటి ఆనాటిదేమో యని ఆమె మ్రాను తడిమినది.

ఇచ్చట జాబాల గుర్తుకు రావలెను. ఛాందోగ్యోపనిషత్తు నాల్గవ అధ్యాయమున సత్యకాముడు బ్రహ్మచర్యమునకు పోగోరి, తన గోత్రమేమని తల్లి నడిగెను. యౌవనమున పలుచోట్ల పరిచర్య చేయుచు తిరుగుచుండగా నిన్ను పొందితిని, నీ గోత్రము నే నెఱుగను, నా పేరు జాబాల, నీ పేరు సత్యకాముడు, కనుక సత్యకామ జాబాలుడనని చెప్పుము, అని ఆ తల్లి పలికెను. బాలుడు హారిద్రుమత గౌతముని కడ అక్షరము తప్పక ఆ మాటనే చెప్పెను. సత్యమునుండి తొలగలేదు గనుక నీవు బ్రాహ్మణుడవే, సమిధలు తెమ్ము, ఉపనయనము చేసెదను, అనెను గౌతముడు.

ఈ కథను చెప్పునపుడు సాధారణముగా బాలుని సత్యసంధతను పొగడుదురు. తల్లిని పొగడువారు తక్కువ. గౌతముని గూర్చి ఆలోచించువారు మఱియు తక్కువ. జాబాల నిజము చెప్పగలిగినది, సరియే. కాని ఆ నిజమును విని ముఖము త్రిప్పుకొనక సమిధలు తెమ్మనగల చెవి యొకటి ఆ లోకమున నుండినది. విజయనగరపు తల్లికి అట్టి చెవి దొరకలేదు. నిజము చెప్పుమని ఆమె తండ్రి కొట్టెనే కాని, చెప్పినపిదప నీ బిడ్డకు చోటిత్తునని అనలేదు. ఆమె అబద్ధమాడెనని నిందించుటకు ముందు, నిజమాడినచో ఆ బిడ్డను ఏ బడిలో చేర్చుకొనెడివారు, ఏ యింటి కోడలిగా స్వీకరించెడివారు అని ప్రశ్నింపవలెను. సత్యము పలుకువాని ధర్మము మాత్రమే కాదు, వినువాని ధర్మము కూడ. అబద్ధములు పుట్టిన యిండ్లను వెదకిన, అందు సగము వినువారి కాఠిన్యముచేత పుట్టినవే.

గౌతముడు చేసిన పనిని మన కాలమున కొంతవఱకు న్యాయస్థానము చేసినది. అవివాహితయగు తల్లి తన బిడ్డకు సంరక్షకురాలగుటకు తండ్రి పేరు చెప్పితీరవలెనని నిర్బంధింపరాదని 2015 జూలై 6వ తేదీన భారత సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పాస్‌పోర్టునకు తల్లి పేరొక్కటియే చాలునని 2016 డిసెంబరులో ప్రభుత్వము నియమమును సడలించెను. కాగితముపై ఆ గడిని ఖాళీగా విడువవచ్చును. పెండ్లిచూపుల నాటి గదిలో, సంతర్పణపు పంక్తిలో ఆ గడిని ఖాళీగా విడువనిచ్చుట చట్టమునకు సాధ్యము కాదు. అది పంక్తిలో కూర్చున్నవారి చేతిలోని పని.

అభన్‌పూరునుండి ఆమె వెంటనే తిరిగిపోలేదు. కిళ్లీకొట్టు ముదుసలి, ఇంతదూరము వచ్చితిరి, మీ తెలుగువారి స్వామి పుట్టినచోటు దగ్గఱనే యున్నది, చూచి పొండు, అని చంపారణ్యమునకు దారి చెప్పెను. శుద్ధాద్వైతప్రవర్తకులగు శ్రీవల్లభాచార్యులు 1479లో అచ్చట అవతరించిరని ఆ సంప్రదాయమువారి విశ్వాసము. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ; వెలనాటి తెలుగు బ్రాహ్మణులు, తైత్తిరీయశాఖవారు. తండ్రిని దైవముగా భావింపుమన్న ఆ యుపనిషత్తునే తరతరములుగా వల్లించిన వంశమది.

కాశిపై దండయాత్ర రానున్నదని వదంతి పుట్టగా ఆ దంపతులు దక్షిణమునకు ప్రయాణమైరి. దారిలో, ఈ యడవిలో, నెలలు నిండకమునుపే ఇల్లమ్మ ప్రసవించెను. శిశువునందు చలనము లేదు. ప్రాణములేదని తలంచి, ఆకులతో కప్పి, జమ్మిచెట్టు క్రింద విడిచి ముందునకు సాగిరి. ఆ రాత్రి దైవప్రేరణ కలిగి, మఱునాడు వెనుకకు వచ్చి చూడగా బిడ్డ సజీవుడై, చుట్టును అగ్ని వలయముగా కాచుచుండ, ఆడుకొనుచుండెను. తల్లి చేతులు చాచగా అగ్ని దారి యిచ్చెనని చెప్పుదురు.

భక్తులు ఈ కథను విన్నపుడు అగ్నివలయమును తలచి పులకింతురు. ఆ స్త్రీ మనస్సు వేఱొకచోట నిలిచినది. వారు తిరిగి వచ్చిరి. విడిచిపోయినవారు మఱునాడు తిరిగి వచ్చిరి. గుడి గోడకు చేరబడి ఆమె చాలసేపు ఏడ్చినది. ఆ యేడుపును అజ్ఞానమని ఎవరును త్రోసిపుచ్చరాదు. ఆ స్థలమున కార్చిన కన్నీటిలో అది తక్కువరకమైనదియు కాదు.

వల్లభాచార్యులు తమ మార్గమునకు పుష్టిమార్గమని పేరిడిరి. పుష్టియనగా పోషణము, భాగవతము ద్వితీయస్కంధమున పోషణమునకు భగవంతుని అనుగ్రహమని అర్థము చెప్పబడినది. పుట్టిననాడే విడువబడిన బిడ్డ పెరిగి పెద్దవాడై, దేవుని దయకు అన్నముపెట్టి పెంచుట అను అర్థముగల మాటనే ఏరుకొనెను. కణ్వుడు చెప్పిన మూడవ తండ్రిని ఇక్కడ తలంపవచ్చును. గంజి చల్లార్చి త్రాగించిన చేయి, జ్వరము వచ్చినపుడు రాత్రియంతయు మేల్కొన్న కన్ను, కన్యాదానపు నీటిధారలో తన గోత్రమునే వదలుకొన్న మేనమామ: వీరిలో పనిచేసినదియు ఆ యనుగ్రహమే. తెలియని తండ్రి నడుగవలసిన ప్రశ్నలు ఆమెకు మిగిలియే యున్నవి. తెలిసిన తండ్రికి చెప్పవలసిన కృతజ్ఞత మిగిలియున్నదని కూడ ఆమెకు ఆ గోడ చెంతనే తోచెను.

సాయంకాలమునకు ఆమె రాజిము చేరినది. మహానది, పైరి, సోంఢూరు నదులు కూడుచోటది. రాజీవలోచనుని ఆలయము గట్టున, కులేశ్వరమహాదేవుని ఆలయము నదిగర్భమున ఉన్నవి. ఛత్తీస్‌గఢ్ ప్రజలు ఆ సంగమమును తమ ప్రయాగగా భావించి పితృకార్యములకు వచ్చుచుందురు. తండ్రి పేరు తెలియనివారికై మన శాస్త్రము తలుపు మూయలేదు. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుకొను ఆచారము కలదు. పేర్లు తెలియనిచో మొదటి పిండమును పృథివియందు వసించు పితరులకు, రెండవదానిని అంతరిక్షమున వసించువారికి, మూడవదానిని ద్యులోకవాసులకు సమర్పింపవచ్చునని శ్రౌతసూత్రములు విధించినవి. తండ్రి పేరెఱుగనివా డొకడు దర్భలు పట్టుకొని తమ యెదుట కూర్చుండునని ఆ ప్రాచీనులు ముందే ఊహించిరి. ఊహించి, లేచిపొమ్మనలేదు.

ఆమె నువ్వులు కొని గట్టున కూర్చున్నది. పురోహితుడు, తండ్రిగారు గతించి ఎన్నాళ్లైనదమ్మా, అని యడిగెను.

"గతించిరో, ఉన్నారో తెలియదు."

ఆయన చేయి ఆగెను. "ఉన్నారేమో యనుకొన్నచోట తిలలు ముట్టరాదు తల్లీ. ఆ పొట్లము కట్టివేయుడు. ఆయురారోగ్యములకు దీపము పెట్టుడు."

ఆమె రెండు ఆకుదొన్నెలు తీసికొన్నది. మొదటి దీపమునకు మేనమామ పేరు, గోత్రము చెప్పినది. ఆయన సంకల్పము చదివెను. రెండవ దీపమునకు పేరేమని ఆయన తలయెత్తెను. ఆమె, పేరు తెలియదు, మా నాన్న, అని మాత్రము చెప్పినది. ప్రక్కన స్నానము చేయుచున్న ఇద్దఱు తిరిగి చూచిరి. పురోహితుడు చూడలేదు. పేరు రావలసినచోట, ఈమె తండ్రి, అని పలికి, ఆగక తక్కిన సంకల్పము పూర్తిచేసెను.